ఓక్ పీపాలో పులిసిన బంగారు బీరు – పులుపును చదివే విధానం

తెలుగు వంటింట్లో పులియుట అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఇడ్లీపిండి తెల్లవారేసరికి చక్కగా పులిస్తే ఇల్లాలికి సంతోషం. మధ్యాహ్నం వండిన పప్పు రాత్రికి పులిస్తే అది పారబోయవలసిందే. రెండు గిన్నెలలోనూ పనిచేసినవి సూక్ష్మజీవులే. రెండింటిలోనూ పుట్టినవి ఆమ్లాలే. ఐనా ఒకదానిని పదునుకు వచ్చిందంటాము, మరొకదానిని పాడైపోయిందంటాము. మన ముక్కు, నాలుక ఈ తీర్పును క్షణంలో చెబుతున్నాయి. అవి దేనిని ఆధారం చేసుకొని చెబుతున్నాయి? ఆ తీర్పును ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ ప్రశ్నలకు సమాధానంగా ఒక బీరును పాఠ్యవస్తువుగా తీసుకొంటున్నాను. కావాలని పులియబెట్టి, ఓక్ కర్ర పీపాలలో నెలల తరబడి నిలువచేసే లేతబంగారు రంగు ఏల్ అది. మద్యం ముట్టని కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నవి. వారిని ఆ వైపు మళ్ళించడం నా ఉద్దేశం కాదు. పలురకాల పులుపులు, వగరు, సువాసన, దోషం – ఇవన్నీ ఒకే గ్లాసులో, ఒక వరుసలో కనిపించే పదార్థం కనుక దీనిని ఎన్నుకొన్నాను. బీరు రుచి చూడనవసరం లేని ఒక ప్రయోగాన్ని వ్యాసం చివర ఇచ్చాను. పిల్లలతో కలిసి చేయవచ్చు.

వ్యాధి అనిపించుకొన్న పులుపు

బార్లీ గింజలను మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్ అవుతుంది. దానిని వేడినీటిలో నానబెట్టి తీసిన తీపి కషాయాన్ని హాప్స్ పూలతో మరగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగాను, కార్బన్ డయాక్సైడుగాను మారుస్తుంది. ఇంచుమించు 15 నుండి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసే ఈస్టుతో తయారైన బీరుకు ఏల్ అని పేరు.

పాలు పులియడానికి సూక్ష్మజీవులు కారణమని లూయీ పాశ్చర్ 1857లో ప్రతిపాదించాడు. 1876లో బీరును గురించి ప్రచురించిన గ్రంథంలో, బీరు పులిసిపోవడాన్ని దానికి వచ్చే వ్యాధులలో ఒకటిగా పరిగణించాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుండి పెంచిన శుద్ధమైన ఈస్టును బీరు తయారీలో ప్రవేశపెట్టాడు. పులిపించే క్రిములను బీరు గదుల నుండి వెళ్ళగొట్టడానికి మార్గం దొరికింది.

అదే కార్ల్స్‌బర్గ్‌కు చెందిన హెల్టె క్లాసెన్ 1904లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి వెల్లడించాడు. చాలాకాలం నిలువచేసిన ఇంగ్లీషు బీర్లకు వాటి ప్రత్యేకమైన పరిమళాన్ని ఇచ్చేది మరొక జాతి ఈస్టు అని చెప్పి, దానికి బ్రెటనోమైసిస్ అని నామకరణం చేశాడు. బ్రిటిష్ శిలీంధ్రం అని ఆ పేరుకు అర్థం. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మానాన్ని 1909లో సోరెన్సెన్ రూపొందించింది కూడా కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే.

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ పరిసరాలలో మాత్రం పాత పద్ధతి నిలిచిపోయింది. అక్కడ లాంబిక్ అనే బీరుకు ఈస్టును కలపరు. అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు ఉండే చల్లని నెలలలో, మరిగిన కషాయాన్ని వెడల్పైన లోతులేని తొట్టిలో రాత్రంతా తెరచి ఉంచుతారు. గాలిలోని, పీపా కర్రలోని సూక్ష్మజీవులే మిగిలిన పని చేస్తాయి. ఈ సంప్రదాయం నుండి స్ఫూర్తి పొందిన అమెరికన్ తయారీదారులలో కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ సంస్థ ముఖ్యమైనది. 2004లో శాంటా రోసా పట్టణంలో తమ బీరుశాలను తెరచిన ఈ సంస్థ, టెంప్టేషన్ అనే బంగారు రంగు ఏల్‌ను షార్డొనే ద్రాక్షాసవం నిలువచేసిన పాత పీపాలలో పండిస్తుంది. ఈ వ్యాసంలోని రుచుల వర్ణనకు అదే ఆధారం.

పీపా లోపల జరిగే పని

ద్రాక్షాసవపు పీపాలో సుమారు 225 లీటర్లు పడుతుంది. అనగా 750 మిల్లీలీటర్ల సీసాలు 300. మామూలు ఏల్ ఈస్టు తన పని ముగించిన తరువాత బీరును ఈ పీపాలకు ఎక్కించి, బ్రెటనోమైసిస్‌ను, లాక్టోబాసిలస్, పీడియోకాకస్ అనే బాక్టీరియాలను చేరుస్తారు. మన పెరుగును తోడుపెట్టే బాక్టీరియాలకు ఇవి దగ్గరి చుట్టాలే. మిగిలిపోయిన చక్కెరలనుండి ఇవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. హాప్స్ చేదు ఎక్కువైతే లాక్టోబాసిలస్ జాతులు చాలావరకు ఎదగలేవు. అందుచేత ఇటువంటి బీర్లలో చేదును తగ్గించి ఉంచుతారు.

పీడియోకాకస్ పనిచేసే కాలంలో బీరు కొన్నిసార్లు బెండకాయ జిగురువలె తీగలు సాగుతుంది. డయాసెటైల్ అనే పదార్థం పుట్టి వెన్నవాసన కూడా వస్తుంది. ఆ దశలో పీపాను తెరచి చూచినవారు చెడిపోయిందని పారబోయవచ్చు. కాని కొన్ని నెలలలో బ్రెటనోమైసిస్ ఆ జిగురును విడగొట్టి, డయాసెటైల్‌ను వాసనలేని పదార్థాలుగా మార్చివేస్తుంది. మామూలు ఈస్టుకు లొంగని పెద్ద చక్కెర అణువులను సైతం ఇది తినగలదు. ఈ బీరులో తీపి దాదాపు మిగలకపోవడానికి కారణమిదే.

ఓక్ కర్ర గుండా ప్రాణవాయువు అతి స్వల్పంగా లోపలికి వస్తూ ఉంటుంది. ఆ కొంచెం బ్రెటనోమైసిస్‌కు మేలు చేస్తుంది. ఆవిరై తగ్గిన బీరు స్థానంలో గాలి చేరితే మాత్రం అసిటోబాక్టర్ అనే బాక్టీరియా విజృంభించి ఆల్కహాలును అసిటిక్ ఆమ్లంగా, అనగా వినెగర్‌గా, మార్చివేస్తుంది. ఉదయం తీయగా దించిన తాటికల్లు పొద్దు వాలేసరికి పులిసి, ఇంకా నిలువ ఉంటే ఘాటెక్కడం మన పల్లెలలో ఎరిగినదే. అక్కడ గంటలలో, రోజులలో జరిగేదానిని ఇక్కడ పీపా నెలల మీద నడిపిస్తుంది. చివరి మెట్టు ఎక్కకుండా కాపాడడమే తయారీదారు నేర్పు.

కన్ను, ముక్కు

గ్లాసులో పోసినప్పుడు రంగు లేత గడ్డిపసుపు, స్వల్పమైన మసక. నురుగు తెల్లగా లేచి త్వరగా అణగిపోతుంది.

వాసనలో మొదట నిమ్మతొక్క, పండిన అనాసపండు. అనాస ఇందులో కలపలేదు. ఈస్టు తయారుచేసిన ఇథైల్ కాప్రొయేట్ వంటి ఈస్టర్లు ఆ స్ఫురణను ఇస్తాయి. దాని వెనుక లేతగా వెనిల్లా, కొబ్బరి. ఓక్ కర్రలోని లిగ్నిన్ నుండి వెనిలిన్, కొవ్వుపదార్థాల నుండి లాక్టోన్లు వస్తాయి. కొబ్బరివాసన ఈ లాక్టోన్లది. ద్రాక్షాసవం అప్పటికే కర్రలోని సారాన్ని చాలావరకు పీల్చుకొన్నందువల్ల ఈ పరిమళాలు మందంగానే ఉంటాయి.

గ్లాసును రెండుమూడు నిమిషాలు ఉంచితే కొత్త తోలు, ఎండుగడ్డి, లవంగం గుర్తుకు తెచ్చే మరొక వాసన పైకి వస్తుంది. ఇది బ్రెటనోమైసిస్ సంతకం. బార్లీలోని ఫెరూలిక్ ఆమ్లాన్ని అది రెండు మెట్లలో 4-ఇథైల్ గ్వయకాల్‌గా మారుస్తుంది. కూమారిక్ ఆమ్లం నుండి 4-ఇథైల్ ఫినాల్ పుడుతుంది. మొదటిది లవంగం, పొగ. రెండవది తోలు, మోతాదు మించితే గుర్రపుసాల.

ఇథైల్ అసిటేట్ విషయంలోనూ మోతాదే ప్రధానం. కొద్దిగా ఉంటే పండ్లవాసన; హెచ్చితే గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన. ఆ వాసన ముందుగా తగిలితే పీపాలో గాలి ఎక్కువైందని అనుమానించాలి.

నాలుక

మామూలు బీరు పీహెచ్ 4.0 నుండి 4.5 వరకు ఉంటుంది. పులిసిన ఏల్‌లది సాధారణంగా 3.2 నుండి 3.6. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పదిరెట్లు పెరుగుతుందని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ అయాన్లు నాలుకమీది కణాలలో ప్రవేశించే ద్వారం ఓటోపెట్రిన్-1 అనే ప్రొటీన్. ఇది ప్రోటాన్ల ద్వారమని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో కనుగొన్నారు. పులుపు తెలియడానికి ఇది అవసరమని 2019లో ఎలుకలమీద ప్రయోగాలు నిరూపించాయి.

పీహెచ్ ఒక్కటే పులుపును నిర్ణయించదు. పీహెచ్ 3.4 వద్ద లాక్టిక్ ఆమ్లంలో సుమారు 74 శాతం, అసిటిక్ ఆమ్లంలో సుమారు 96 శాతం విడిపోని అణువులుగానే ఉంటాయి. ఇవి నిలువ సరుకువంటివి. లాలాజలం పైనున్న ఆమ్లాన్ని తటస్థం చేస్తున్నకొద్దీ కొత్త అయాన్లను విడుదల చేస్తాయి. ఒకే పీహెచ్ గల రెండు ద్రవాలలో ఒకటి నోటిని క్షణం తాకి పోవడానికి, మరొకటి నిలిచిపోవడానికి ఇది ముఖ్యకారణం.

ఈ రెండు ఆమ్లాలను వేరుపరచే కీలకం మరొకటి. అసిటిక్ ఆమ్లం ఆవిరయ్యే గుణం కలది. ముక్కుకు తగులుతుంది, గొంతులో మంట పుట్టిస్తుంది. లాక్టిక్ ఆమ్లానికి చెప్పుకోదగిన వాసన లేదు. నాలుకమీద గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. టెంప్టేషన్‌లో మొదటి గుక్క మజ్జిగతేట పులుపును, నిమ్మను తలపించింది; గొంతు మండలేదు. లాక్టిక్ ఆమ్లానిది పైచేయి అని దీనిని బట్టి గ్రహించవచ్చు.

పులుపు తగ్గుతున్న సమయంలో నాలుక అంచులు, చిగుళ్ళు బిగుసుకొంటాయి. పచ్చి అరటికాయ, ఉసిరి, వక్క కలిగించే అనుభూతి అది. మనకు దీనికి వగరు అనే సొంతమాట ఉంది. షడ్రుచులలో పులుపు పక్కన దానికి విడిగా పీట వేశారు. ఓక్‌లోని టానిన్లు లాలాజలపు ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల నోటిలోని జారుడుతనం తగ్గుతుంది. ప్రధానంగా స్పర్శకు సంబంధించిన ఈ అనుభూతిని పులుపుతో కలిపివేసి, బీరు మరీ పులిసిందని అనడం కద్దు. వగరు ఎరిగిన తెలుగువారు ఆ పొరపాటు చేయనవసరం లేదు.

ఆలస్యంగా తెలిసే దోషం

మింగిన తరువాత అర నిమిషం ఆగాలి. కొన్ని పులిసిన బీర్లలో అప్పుడు మాత్రమే పేలాలు, ఎలుకల కలుగు కలగలిపినట్లుండే వాసన నోటి వెనుకనుండి వస్తుంది. టెట్రాహైడ్రోపిరిడిన్ కుటుంబానికి చెందిన అణువులు దీనికి కారణం. ఇవి క్షారస్వభావం కలవి. బీరులోని ఆమ్లం వీటికి ప్రోటాన్‌ను తగిలించి ఆవిరి కాకుండా కట్టివేస్తుంది. నోటిలో లాలాజలం పీహెచ్‌ను పెంచినప్పుడు ఆ కట్టు వీడి వాసన బయటపడుతుంది. గ్లాసు వాసన ఎంతసేపు చూచినా ఈ దోషం దొరకకపోవడం ఇందువల్లనే. పరీక్షించదలచినవారు కొద్ది బీరులో చిటికెడు వంటసోడా కలిపి వాసన చూస్తే చాలు.

బాస్మతి అన్నానికి పరిమళాన్ని ఇచ్చే 2-అసిటైల్-1-పైరోలిన్ ఈ అణువులకు నిర్మాణంలో దగ్గరి బంధువు. విస్తరిలో మెచ్చుకొన్న వాసనకు సోదరిని గ్లాసులో తిరస్కరిస్తున్నాము. సీసాలో మరికొన్ని నెలలు ఉంచితే ఈ దోషం తరచు తగ్గుతుందని తయారీదారుల అనుభవం. వినెగర్ దోషం అలా పోదు. పీపాను పారబోయాలా, వేచి ఉండాలా అన్న నిర్ణయం ఈ భేదాన్ని గుర్తించడం మీద ఆధారపడి ఉంటుంది. ఒక్క పీపా తీర్పులో 300 సీసాల సరుకు, ఏడాది శ్రమ ఇమిడి ఉన్నాయి. రసాయన పరికరాలు అంకెలు ఇస్తాయి. ఏ పీపాను దేనితో కలపాలో చివరకు రుచి చూచి నిర్ణయించేది మనిషే.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

నాలుగు కప్పులు తీసుకోండి. ఒకదానిలో పుల్లని మజ్జిగతేట, రెండవదానిలో పలుచని చింతపండు నీళ్ళు, మూడవదానిలో గ్లాసు నీటికి ఒక చెంచా వినెగర్, నాలుగవదానిలో పాలు, చక్కెర లేని చిక్కని తేనీరు పోసి చల్లార్చండి. ముందు ముక్కు మూసుకొని, తరువాత తెరచి, ఒక్కొక్క చెంచా రుచి చూడండి. మధ్యలో నీటితో పుక్కిలించండి. మజ్జిగతేటలోని లాక్టిక్ ఆమ్లం, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆవిరి కావు కనుక ముక్కు తెరచినా వాటి పులుపులో మార్పు స్వల్పం. వినెగర్ మాత్రం ఒక్కసారిగా వేరే పదార్థంగా తోస్తుంది. తేనీరు పులుపు లేని వగరును చూపుతుంది. ఏ కప్పులో ఏమి తోచిందో పిల్లలచేత తెలుగు మాటలలో వ్రాయించండి.

జాగ్రత్తలు

రుచిని బట్టి తీర్పు చెప్పడానికి ఒక హద్దు ఉంది. పీహెచ్ 4 కంటే తక్కువ, తగినంత ఆల్కహాలు, హాప్స్ – ఈ మూడూ కలిసినచోట మనిషికి రోగం తెచ్చే బాక్టీరియా సాధారణంగా బ్రతుకలేదు. అందువల్ల పులిసిన బీరులో మంచిచెడ్డలను నాలుకకు వదలివేయగలము. నిలువ ఉన్న పప్పుకు, అన్నానికి ఆ రక్షణ లేదు. వాటిలో హానికరమైన బాక్టీరియా రుచిని, వాసనను మార్చకుండానే పెరగవచ్చు. వాటి విషయంలో నాలుకను కాక గడియారాన్ని, ఫ్రిజ్‌ను నమ్మడం మంచిది.

ఇటువంటి పానీయాలలో టైరమిన్ వంటి పదార్థాలు ఉండవచ్చు కనుక ఎమ్ఏఓ నిరోధకాలనే మందులు వాడేవారు వీటిని తాకరాదు. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి ఎనామెల్ కరగడం మొదలవుతుంది. అందుచేత పుల్లనివి ఏవి త్రాగినా నీటితో పుక్కిలించి, పళ్ళు తోముకోవడానికి కొంతసేపు ఆగాలి. టెంప్టేషన్‌లో ఆల్కహాలు 7 శాతానికి పైగా ఉంటుంది. పులుపు ఆ తీవ్రతను కప్పివేస్తుంది. రుచి చూచినవారు ఆ పూట కారు తాళాలు మరొకరికి ఇవ్వవలెను.