చెక్కడం అంటే తీసేయడమే

ఫస్టియర్ ఫిట్టింగ్ షాపులో జాబ్ పూర్తయ్యాక దాని మీద రోల్ నంబర్ పంచ్ కొట్టిన రోజు గుర్తుందా? సుత్తి దెబ్బ కాస్త పక్కకి పడితే 3 కాస్తా 8లా కనిపిస్తుంది. ఇక దాన్ని రబ్బరుతో చెరపలేం, బ్యాక్‌స్పేస్ ఉండదు. మనకి తెలియకుండానే ఆ రోజు చాలా పాత విద్య ఒకటి ముట్టుకున్నాం.

తెలుగులో ఈ పనికి మాట 'చెక్కడం'. వంటింట్లో బంగాళదుంపకి చెక్కు తీస్తాం, అక్కడా అదే మాట. పైనుంచి కొంత తీసేస్తేనే పని అవుతుంది. కాగితం మీద రాస్తే సిరా చేరుతుంది, చెక్కితే లోహం పోతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

మెషిన్ షాపు భాషలో చెప్పాలంటే ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, పదునైన ఉలిని ఏటవాలుగా పెట్టి తోయడం: సన్నటి చిప్ లేచి 'వి' ఆకారపు గాడి మిగులుతుంది. రెండోది, మొద్దు మొనతో కొట్టడం: ఇందులో లోహం ఎక్కడికీ పోదు, పక్కకి జరిగి అంచుల్లో ఉబ్బుతుంది. పెళ్ళి గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా ఉండే పేర్లు ఎక్కువగా ఈ రెండో రకమే. రాగితో ఇంకో చిక్కుంది. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది (వర్క్ హార్డెనింగ్, మెటలర్జీ పేపర్లో రెండు మార్కులు!). మళ్ళీ ఎర్రగా కాలిస్తేగానీ దారికి రాదు.

తాటాకు సంగతి వేరు. దాని మీద ఘంటంతో గీరి, తర్వాత మసి పూస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. ఆకు ఈనె వెంబడి నిలువుగా చీలే రకం కాబట్టి తిన్నటి గీతలు ప్రమాదం. మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి ఇదొక కారణమని లిపి చరిత్ర రాసినవాళ్ళు చాలామంది చెప్తారు. రాతి మీదైతే ఆ భయం లేదు. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, ఇప్పటికీ మన తొలి తెలుగు శాసనంగా పేరున్నది, రాయి మీదే ఉంది.

తామ్రశాసనాల్లో నాకు బాగా నచ్చేది వాటి డిజైన్. రేకులకి కన్నం పెట్టి ఉంగరంలో గుచ్చి, దానికి రాజముద్ర వేసేవాళ్ళు. చాలా రేకులకి అంచులు కాస్త పైకి లేపి ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పెట్టినా అక్షరాలు రాసుకుని అరిగిపోకుండా! ఏ డిజైన్ క్లాసులోనూ ఎవరూ చెప్పని క్లియరెన్స్ అది.

ఇక అసలు కథ తిరుమలది. అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు ఆ సంకీర్తనల్ని రాగి రేకుల మీద చెక్కించాడు. అవి గుడిలోని సంకీర్తన భాండాగారంలో ఉండిపోయి, 1922లో వెలుగులోకి వచ్చాయి. అన్నమయ్య ముప్పై రెండు వేలు పాడాడని మనవడు చిన్నన్న రాశాడు. మనకి దొరికినవి పద్నాలుగు వేల చిల్లర. ఒక్కో అక్షరానికి ఎన్ని దెబ్బలో, ఎవరి చేతివో ఆలోచించండి. చెక్కించినవాడి పేరు మనకి తెలుసు, కంసాలి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇంకో మాట. రేకుల మీద పాట పైన రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు మళ్ళీ వరసలు కట్టాల్సి వచ్చింది. ఉలి మాటని పట్టుకుంది, గొంతు జారిపోయింది.

మా ఇంట్లో నానమ్మ పేరున్న ఇత్తడి బిందె ఉండేది. కింద చిల్లి పడిందని రెండేళ్ళ క్రితం పాత సామాన్లతో పాటు తూకానికి వేసేశాం. తక్కెడలో ఆ పేరుకి బరువేం లేదు. ఫొటో కూడా తీయలేదు.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ పాత గిన్నెలు తిరగేసి చూడండి. పేరు మీద గోరు పెట్టి లాగండి. అంచు ఉబ్బెత్తుగా తగిలితే కొట్టింది, నున్నగా గాడిలోకి దిగితే చెక్కింది. ఎవరి పేరో అమ్మని అడగండి, ఫొటో తీసి పంపండి.