జొన్నరొట్టె చెప్పిన పాఠం



హాయిల్‌లో మధ్యాహ్నం కబ్సా పళ్లెం ముందు కూర్చున్నప్పుడు మీకు అన్నం, మాంసం కనిపిస్తాయి, విటమినులు కనిపించవు. అయినా కొన్ని విటమినులు మనకు ఎంత కావాలో, మనం తినే మాంసకృత్తులను బట్టి మారుతుంది. మన తెలుగునేల మీద జరిగిన ఒక పరిశోధన ద్వారా ఈ సంగతి తెలుసుకుందాం.

దక్కను పీఠభూమిలో ఒకప్పుడు జొన్నరొట్టె పేదల ముఖ్యాహారంగా ఉండేది. పప్పు, పాలు కొనలేక జొన్నల మీదనే ఆధారపడిన కూలీలలో కొందరికి పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చేది. ఎండ తగిలే చేతులు, మెడ, పాదాల మీద చర్మం నల్లబడి గరుకెక్కేది. విరేచనాలు పట్టుకునేవి. వ్యాధి ముదిరితే మతి తప్పేది. చికిత్స అందకపోతే ప్రాణమే పోయేది.

నియాసిన్ అనే విటమిను కొరత వల్ల ఈ వ్యాధి వస్తుంది. మన శరీరం ఈ విటమినును కొంతవరకు తానే తయారు చేసుకోగలదు. మాంసకృత్తులలో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందుకు ముడిసరుకు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి 1 మిల్లీగ్రాము నియాసిన్ లభిస్తుంది. కనుక పాలు, గుడ్లు, మాంసం, పప్పులు చాలినంత తినేవారికి ఆహారంలో నియాసిన్ కొంత తగ్గినా లోటు రాదు.

మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. జొన్నలో అంత తక్కువ కాదు. మరి జొన్న తిన్నవారికి వ్యాధి ఎందుకు వచ్చింది? హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్ గారు, ఆయన సహచరులు ఈ ప్రశ్నను పరిశీలించారు. జొన్న మాంసకృత్తులలో లూసిన్ అనే మరొక అమైనో ఆమ్లం అధికంగా ఉండి, నియాసిన్ తయారీకి అడ్డుపడుతున్నదని 1960లో వివరించారు. ఈ వివరణపై తరువాత శాస్త్రజ్ఞులలో చర్చ కూడా జరిగింది.

ఇంకొక సంగతి గమనించండి. మాంసకృత్తులను వినియోగించుకోవడానికి శరీరానికి బి6 విటమిను కావాలి. మాంసకృత్తులు ఎక్కువగా తిన్నకొద్దీ దాని అవసరం పెరుగుతుంది. అనగా మాంసకృత్తులు ఒక విటమిను అవసరాన్ని తగ్గిస్తాయి, మరొకదాని అవసరాన్ని పెంచుతాయి.

అందుచేత జొన్నను నిందించకండి. అది మంచి ధాన్యమే. ఒంటరిగా తినవలసి రావడమే ఆ కూలీల కష్టం. రొట్టె పక్కన పప్పు, పాలు, వేరుశనగలు, ఆకుకూరలు చేరితే భోజనం నిండుతుంది.

అభ్యాసం: నిన్న రాత్రి మీరు తిన్న పదార్థాల పేర్లు వ్రాయండి. వాటిలో మాంసకృత్తులు ఉన్నవి ఏవో గుర్తించండి.