నైస్ అంటే తెలివితక్కువా?

సందేహం: హనోయ్‌లో వియత్నామీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ‘నైస్’ అనే మాటకు ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థం ఉండేదని మా విద్యార్థి ఒకడు చదివి వచ్చాడు. నిజమేనా? దీనికి వియత్నామీలో సరిపోయే మాట ఏదో కూడా చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయురాలు, హనోయ్

సమాధానం: నిజమేనమ్మా. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ‘స్కిరె’ అంటే తెలుసుకోవడం, దాని ముందున్న ‘నె’ వ్యతిరేకార్థం. సైన్స్ అనే మాట పుట్టిందీ ఆ స్కిరె నుంచే. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు నైస్ అంటే మందమతి. తర్వాత బిడియస్తుణ్ణి అలా అన్నారు, ప్రతిదానికీ వంకలు పెట్టేవాణ్ణీ అన్నారు. వంకలు పెట్టేవాడి కంటికి చిన్న తేడాలు కూడా ఆనుతాయి కదా, అలా నిశితమైన, సున్నితమైన అనే అర్థాలు చేరాయి. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే నేటికీ సూక్ష్మభేదమే. బాగున్నదానికల్లా నైస్ అనడం 18వ శతాబ్దంలో పెరిగింది. 1817 చివర్లో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్త్యాంగర్ అబ్బే’లో, పుస్తకాన్ని నైస్ అన్నందుకు హెన్రీ టిల్నీ కథానాయికను ఆటపట్టిస్తాడు.

ఇంతకంటే చక్కని ఉదాహరణ మీ విద్యార్థి సొంత భాషలోనే ఉంది. వియత్నామీలో మంచితనం గలవారిని ‘తూ తే’ అంటారు. చైనా భాష నుంచి వచ్చిన ఈ మాటకు మూలార్థం నిశితంగా, జాగ్రత్తగా అని. ‘తే’ అంటే సన్నని, సూక్ష్మమైన. చాన్ వాన్ థుయ్ 1985లో తీసిన ప్రసిద్ధ డాక్యుమెంటరీ ‘చుయెన్ తూ తే’ పేరులో ఉన్నది ఈ మాటే. ఏ చుట్టరికమూ లేని రెండు మాటలు సూక్ష్మం నుంచి మంచితనం దాకా ఒకే దారిన నడిచాయి! మనమూ పిండి ‘నైస్‌గా’ ఆడించమంటాం, మెత్తగా అనే అర్థంలో.

అయినా బోర్డు మీద నైస్ పక్కన తూ తే అని రాయకండి. తూ తేలో నడవడి, మర్యాద ఉన్నాయి, దానికి ‘కైండ్’, ‘డీసెంట్’ దగ్గర. నైస్ అంత బరువు మోయదు. పైగా భోజనం బాగుంటే వాళ్ళు ‘ఙోన్’ అంటారు, చొక్కా బాగుంటే ‘దెప్’ అంటారు. ‘నైస్ మీల్’, ‘నైస్ షర్ట్’, ‘నైస్ మ్యాన్’ అని జంటలుగానే నేర్పండి.

‘షీ నైస్’ అని పిల్లలు ‘ఈజ్’ వదిలేస్తే కోప్పడకండి. వియత్నామీలో విశేషణమే క్రియ పని చేస్తుంది. ‘ఆమె మంచిది’ అనే మనకూ అక్కడ వేరే క్రియ అక్కర్లేదు. ఎక్కువ సమయం ఉచ్చారణకు ఇవ్వండి. వాళ్ళ భాషలో ఏ మాటా ‘స్’తో ముగియదు, ‘ఐ’ తర్వాత ఏ హల్లూ రాదు కాబట్టి నైస్, నైఫ్, నైట్, నైన్ అన్నీ ‘నై’ అయిపోతాయి. మన పిల్లలు ‘నైసు’ అని చివర అచ్చు చేరుస్తారు, వాళ్ళు హల్లునే మింగేస్తారు. ఈ నాలుగు మాటలనూ పక్కపక్కన పెట్టి, చివరి ధ్వనిని స్పష్టంగా పలికించండి.