కంప్యూటర్ నాడి చూద్దాం!

కంప్యూటర్ బాగా మందగించింది. "ప్రాసెసర్ పాతబడింది, మార్చాల్సిందే" అంటారు చూసినవాళ్లు. తొందరపడకండి. జ్వరాన్ని చేయి పెట్టి చూడటం వేరు, థర్మామీటరుతో కొలవటం వేరు. కంప్యూటరుకూ అలాంటి కొలత ఉంది.

1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌తో నడిచే కంప్యూటర్లలో సాధారణంగా 'విఎంస్టాట్' అనే ఆజ్ఞ ఉంటుంది. టెర్మినల్ తెరిచి, ఆ పేరును ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేసి, ఖాళీ వదిలి 5, మళ్లీ ఖాళీ వదిలి 4 కొట్టండి. మొదటి వరస వెంటనే వస్తుంది. తరువాత 5 సెకన్లకొకటి చొప్పున మూడు వరసలు వస్తాయి.

కుడివైపు చివరి గడులు చూడండి. అవి ప్రాసెసర్ కాలాన్ని నూటికి ఇంత అని పంచి చూపుతాయి. ప్రాసెసర్‌ను ఒక దర్జీ అనుకుందాం. బట్ట కుట్టే కాలం 'యు.ఎస్.', అంటే మన ప్రోగ్రాముల పని. సూదిలో దారం ఎక్కించే కాలం 'ఎస్.వై.', అంటే లినక్స్ సొంత పని. ఊరికే కూర్చున్న కాలం 'ఐ.డి.'. గుండీల కోసం బజారుకు పంపి, అవి వచ్చేదాకా ఎదురుచూసిన కాలం 'డబ్ల్యు.ఎ.'. ఇక్కడ బజారు అంటే డిస్కు.

ఈ అంకెలు ఎలా వస్తాయి? లినక్స్ ఒక్కొక్క పద్దు కింద గడిచిన కాలాన్ని సెకనులో 100వ వంతు లెక్కన కూడుతూ ఉంటుంది. 5 సెకన్లంటే 500 వంతులు. ఒకే కోరు ఉన్న ప్రాసెసర్‌లో ఈ వ్యవధిలో 'యు.ఎస్.' పద్దు 400 పెరిగితే, 400ను 500తో భాగించి 100తో గుణించండి: 80 శాతం!

ఒక జాగ్రత్త. మొదటి వరస కంప్యూటర్ ఆన్ చేసినప్పటినుంచి సగటు. 9 గంటలు ఖాళీగా ఉండి, 1 గంట ఊపిరాడకుండా పనిచేస్తే అది 10 శాతమే చూపుతుంది. దాన్ని నమ్మితే మోసపోతాం. రెండో వరసనుంచే చదవాలి.

ఇప్పుడు రోగం చెప్పండి. 'యు.ఎస్.' ఎప్పుడూ 100కు దగ్గరగా ఉంటే ప్రాసెసర్‌కు నిజంగా తలకు మించిన పని. 'డబ్ల్యు.ఎ.' ఎక్కువై, 'యు.ఎస్.' తక్కువైతే ఆలస్యం డిస్కు దగ్గర. అప్పుడు కొత్త ప్రాసెసర్ కొన్నా డబ్బు దండగే!

ఆలోచించండి: 8 కోర్ల ప్రాసెసర్‌లో ఒకే ప్రోగ్రాము ఒక కోరును పట్టుకుని ఆగకుండా లెక్కలు చేస్తోంది. మరే పనీ లేదు. 'యు.ఎస్.' ఎంత ఉంటుంది?

జవాబు: సుమారు 12 లేక 13. ఎనిమిది మంది దర్జీల్లో ఏడుగురు ఖాళీయే. అయినా ఆ ఒక్క చొక్కా త్వరగా పూర్తి కాదు!