ఒక ఇల్లు, రెండు ఆఫీసులు: ఎక్కడుండాలో చెప్పే లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రెండూ కలిసి ఒకేసారి మీద పడితే వచ్చే ప్రశ్న ఒకటుంది. మన సిలబస్‌లో ఎక్కడా లేదు గానీ, ఇంకో నాలుగైదేళ్ళలో మనలో చాలామంది దానికి జవాబు వెతుక్కోవాల్సిందే. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. ఒకరి ఆఫీసు ఊరికి ఈ చివర, ఇంకొకరిది ఆ చివర. అద్దెకి ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

ఎవర్నడిగినా రెండే జవాబులు. ఒకటి, "మధ్యలో తీసుకోండి, ఇద్దరికీ సుఖం." రెండోది, పెళ్ళిచూపుల నాడే ఖాయమైపోయేది: "అబ్బాయి ఆఫీసు గచ్చిబౌలిలో కదా, ఇల్లు అక్కడే. అమ్మాయి సర్దుకుంటుందిలే." ఈ రెండూ లెక్క వెయ్యకుండా చెప్పినవే. మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ముందు గీత మీద

హైదరాబాద్ మెట్రో నీలం లైను తీసుకుందాం. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా 23 స్టేషన్లు. ఆమె ఉద్యోగం ఉప్పల్‌లో, అతని ఉద్యోగం రాయదుర్గంలో అనుకుందాం. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి వెళ్తే ఒక స్టాపు. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి 21 స్టాపులు.

ఇప్పుడు ఇల్లు ఎక్కడెక్కడ పెట్టొచ్చో చూడండి.

తార్నాకలో ఉంటే ఆమెకి 4, అతనికి 17. మొత్తం 21.
ప్రకాశ్ నగర్‌లో ఉంటే ఆమెకి 10, అతనికి 11. మొత్తం 21.
మాదాపూర్‌లో ఉంటే ఆమెకి 18, అతనికి 3. మొత్తం 21.
ఉప్పల్‌లోనే ఉంటే ఆమెకి 0, అతనికి 21. మళ్ళీ 21!

అంటే రెండు ఆఫీసుల మధ్య గీత మీద ఎక్కడున్నా ఇద్దరి ప్రయాణం కలిపితే ఒకటే. మధ్యలో ఇల్లు తీసుకున్నంత మాత్రాన ఆ కుటుంబం ఒక్క నిమిషం కూడా ఆదా చెయ్యదు. మారేది మొత్తం కాదు, పంపకం. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. "మధ్యలో" అనేది పొదుపు గురించిన మాట కాదు, న్యాయం గురించిన మాట.

గీత దాటితే మాత్రం నష్టమే. నాగోల్‌లో ఉంటే ఆమెకి 1, అతనికి 22, మొత్తం 23. పక్క కొమ్మ మీదకి వెళ్తే నష్టం ఇంకా ఎక్కువ. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా 7 స్టాపులు ఇద్దరూ రావాల్సిందే. అక్కడ దిగి నీలం లైను ఎక్కి ఆమె ఇంకో 12, అతను ఇంకో 9 వెళ్ళాలి. మొత్తం 35. అయితే ఇది మెట్రో లెక్క మాత్రమే. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వైపు రోడ్డు దగ్గరి దారి. బండి మీద వెళ్ళేవాళ్ళ మ్యాపు వేరు, రైల్లో వెళ్ళేవాళ్ళ మ్యాపు వేరు. ముందు ఎవరు దేనిమీద వెళ్తారో తేల్చుకోవాలి.

తర్వాత కాగితం మీద

ఊరంటే ఒక గీత కాదు కదా. ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో దీర్ఘవృత్తం గీసిన సంగతి గుర్తుందా? రెండు గుండుసూదులు గుచ్చి, వాటికి దారం కట్టి, పెన్సిల్‌తో దారం బిగించి తిప్పడం. ఆ గీత మీద ఏ బిందువు నుంచైనా రెండు సూదులకీ ఉన్న దూరాలు కలిపితే ఒకటే. ఆ సూదులే మన రెండు ఆఫీసులు. "ఇద్దరి ప్రయాణం కలిపి ఒకవైపుకి 90 నిమిషాలు దాటకూడదు" అనుకుంటే దారం పొడవు 90 నిమిషాలు. ఇల్లు ఆ దీర్ఘవృత్తం లోపల ఎక్కడైనా ఉండొచ్చు. నిజమైన ఊళ్ళో ట్రాఫిక్, ఫ్లైఓవర్లు, చెరువులు కలిసి దాని ఆకారాన్ని వంకరటింకర చేస్తాయి గానీ సూత్రం అదే.

దాని మీద ఇంకో షరతు పెట్టండి: "ఏ ఒక్కరికీ 60 నిమిషాలు దాటకూడదు." ఒక్కో ఆఫీసు చుట్టూ 60 నిమిషాల వృత్తం గీస్తే, రెండూ కలిసే చోట కంటి ఆకారంలో ఒక ముక్క వస్తుంది. దీర్ఘవృత్తం లోపలా, ఆ ముక్క లోపలా పడిన కాలనీల్లోనే "టు లెట్" బోర్డులు చూసుకుంటూ తిరగండి. మిగతా ఊరు వదిలెయ్యండి. సగం తిరుగుడు తగ్గుతుంది.

60 ఎందుకు? ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చేజారే మార్కెట్టి 1994లో ఒక పరిశీలన చెప్పాడు. కాలం మారినా, వాహనం మారినా, మనుషులు సగటున రోజుకి రానూపోనూ కలిపి దాదాపు ఒక గంట ప్రయాణానికి ఇస్తారు అని. అంటే ఒకవైపు అరగంట. మన కంటి ముక్కలో 60 నిమిషాలంటే దానికి రెట్టింపు. అది హాయిగా ఉండే కొలత కాదు, ఓర్చుకోగల హద్దు. అంతకు మించితే ఎవరో ఒకరు ఉద్యోగమైనా మారతారు, ఇల్లైనా మారతారు.

బరువులు వేస్తే

ఇప్పుడు చాలా ఆఫీసుల్లో వారమంతా వెళ్ళక్కర్లేదు. ఆమెది ల్యాబ్ పని, వారానికి 5 రోజులు వెళ్ళాలి. అతనిది సాఫ్ట్‌వేర్, 3 రోజులు చాలు. రానూపోనూ కలిపి వారం లెక్క ఇలా వస్తుంది.

ఇల్లు రాయదుర్గంలో అయితే 5 × 21 × 2 = 210 స్టాపులు.
ప్రకాశ్ నగర్‌లో అయితే (5 × 10 + 3 × 11) × 2 = 166.
ఉప్పల్‌లో అయితే 3 × 21 × 2 = 126.

బరువు సమానంగా ఉన్నప్పుడు ఎక్కడున్నా ఒకటే. ఒక్క రోజు తేడా వచ్చినా మొత్తం తగ్గించే లెక్క పూర్తిగా బరువైన వైపుకి ఒరిగిపోతుంది. ఫ్యాక్టరీలు ఎక్కడ కట్టాలన్న విషయం మీద ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో రాసిన పుస్తకంలో ఉన్నది ఈ జాతి సమస్యే. ముడిసరుకు ఒకచోట, మార్కెట్ ఇంకోచోట; దేని బరువు ఎక్కువైతే ఫ్యాక్టరీ అటు జరుగుతుంది.

కానీ మనుషులు ముడిసరుకు కాదు. మొదటి పది స్టాపుల్లో పాట వింటాం, సీటు దొరికితే కునుకు తీస్తాం. చివరి పది స్టాపుల్లో నడుం పట్టేస్తుంది, ఇంటికొచ్చాక మాట కూడా రాదు. అలసట దూరంతో పాటు సమానంగా పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. అందుకని దూరం బదులు దూరం వర్గం తీసుకుని, మ్యాథ్స్‌లో లీస్ట్ స్క్వేర్స్ చేసినట్టే చేద్దాం. ఉప్పల్ నుంచి ఇల్లు x స్టాపుల దూరం అనుకుంటే, 5x² + 3(21 − x)² కనిష్ఠం కావాలి. అవకలనం చేసి సున్నాకి సమానం చేస్తే 5x = 3(21 − x), అంటే x = 63/8, సుమారు 8. ఉప్పల్ నుంచి 8 స్టాపులంటే ప్యారడైజ్. ఆమెకి 8, అతనికి 13.

చూశారా, ఒకే జంట, ఒకే ఆఫీసులు. మొత్తం తగ్గాలంటే ఉప్పల్. ఎక్కువ కష్టపడేవారి కష్టం తగ్గాలంటే ప్రకాశ్ నగర్. అలసట తగ్గాలంటే ప్యారడైజ్. మూడూ సరైన జవాబులే. ఏది తగ్గించాలో గణితం చెప్పదు. అది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట.

లెక్కలోకి రాని బరువు

ఇక్కడే అసలు చిక్కు. బరువు అంటే ఆఫీసు రోజులేనా? మన దేశంలో 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వాటి మీద పెట్టారు. అంటే రైలు దిగగానే ఒకరి రోజు ముగుస్తుంది, ఇంకొకరికి రెండో షిఫ్టు మొదలవుతుంది. బ్రిటన్‌లో రాబర్ట్స్, హాడ్జ్‌సన్, డోలన్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఇలాంటిదే కనిపించింది. ఆఫీసు ప్రయాణం ఆడవాళ్ళ మానసిక ఆరోగ్యం మీద చూపిన దుష్ప్రభావం మగవాళ్ళ మీద కనిపించలేదు. దానికి వాళ్ళు చెప్పిన కారణం ఆడవాళ్ళ మీద ఎక్కువగా ఉన్న ఇంటి బాధ్యతలు.

కాబట్టి "అమ్మాయి సర్దుకుంటుందిలే" అన్నప్పుడు మనం వేస్తున్నది బరువైన వైపే ఇంకో బరువు. సర్దుకోవడం ఒకటి రెండేళ్ళు నడుస్తుంది. ఆ తర్వాత చాలా ఇళ్ళల్లో ఆ దూరపు ఉద్యోగమే ముందు పోతుంది. ఎవరూ మానెయ్యమని చెప్పరు. "ఇంత దూరం ఎందుకులే" అని ఆమే అనుకునేలా ఇల్లు ఎక్కడుందో చూసుకుంటే చాలు. ఉద్యోగం మానేసిన కారణాల్లో ఇంటి అడ్రసు ఎవరూ రాయరు గానీ, అది ఉంటుంది.

దీనికి రెండు దారులు. ఒకటి, ఇంటి పని ఎక్కువ చేసేవారి ఆఫీసు వైపు బరువు పెంచి లెక్క వెయ్యడం. రెండోది, ఆ 299కీ 97కీ మధ్య తేడా తగ్గించడం. రెండో దారికి ఇల్లు మారక్కర్లేదు, అడ్వాన్సు కట్టక్కర్లేదు.

అగ్రిమెంటు రాసే ముందు

కొన్ని పనికొచ్చే మాటలు.

గడప నుంచి కుర్చీ దాకా కొలవండి. రైల్లో 20 నిమిషాలే కావచ్చు. స్టేషన్‌కి నడక, లిఫ్ట్, వెయిటింగ్, మారడం, దిగాక షేర్ ఆటో కలిపితే 45 అవుతుంది. స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉన్న ఇల్లు, నాలుగు స్టాపులు దగ్గరగా ఉండి ఆటో దొరకని ఇంటికంటే మేలు. రాత్రి తొమ్మిదింటికి ఆ ఆఖరి కిలోమీటరు ఎలా ఉంటుందో ఇద్దరూ నడిచి చూడండి.

సగటు ఒక్కటే చూడకండి, చెదురు కూడా చూడండి. రోజూ 50 నిమిషాలు పట్టే దారి, ఒకరోజు 30, వానొస్తే 100 పట్టే దారికంటే నయం. సోమవారం పొద్దున, శుక్రవారం సాయంత్రం, వీలైతే ఒక వాన రోజు ఆఫీసు టైముకి వెళ్ళి చూడండి. ఆదివారం ఇల్లు చూసి "అబ్బే, ఇరవై నిమిషాలే" అనుకుంటే మోసపోతారు.

అద్దెని గంటల్లో చూడండి. ఒక ఇల్లు నెలకి 6,000 రూపాయలు ఎక్కువ, కానీ ఇద్దరికీ కలిపి రోజుకి ఒక గంట మిగులుతుంది. 22 పని దినాలకి 22 గంటలు. అంటే గంట ఖరీదు 273 రూపాయలు. మీ గంట అంతకంటే విలువైనదా కాదా మీరే తేల్చుకోండి.

కొనడానికి తొందరపడకండి. ఇద్దరి ఉద్యోగాల్లో ఏది మారినా లెక్క మొత్తం మారుతుంది. మన దగ్గర 11 నెలల అగ్రిమెంట్లే ఎక్కువ. దాన్ని అవకాశంగా వాడుకోండి. ప్రతి 11 నెలలకీ ఒకసారి కాగితం తీసి, కొత్త సంఖ్యలు వేసి, మళ్ళీ లెక్క చెయ్యండి. ఒకరికి అలవాటైపోయిన కష్టం ఆ కాగితం మీదైనా కనబడుతుంది.

అభ్యాసం

1. పై ఉదాహరణలో ఇద్దరికీ వారానికి ఐదేసి రోజులు ఆఫీసు. పాపని కూడా రోజుకొకసారి తార్నాకలోని బడిలో దింపి తీసుకురావాలి. ముగ్గురి ప్రయాణాలు కలిపి తక్కువ కావాలంటే ఇల్లు ఎక్కడుండాలి? (సూచన: గీత మీద మూడు బిందువులుంటే మధ్య బిందువు సంగతి ఆలోచించండి.)

2. ఆ మూడూ ఒకే గీత మీద కాకుండా త్రిభుజంలా ఉంటే? ఫెర్మా 17వ శతాబ్దంలోనే ఈ ప్రశ్న వేశాడు. త్రిభుజంలో ఏ కోణమూ 120 డిగ్రీలకి తగ్గకుండా లేనప్పుడు, జవాబు మూడు వైపులకీ 120 డిగ్రీలు చేసే బిందువు. మీ ఊరి మ్యాపు మీద గీసి చూడండి.

3. విశాఖలో ఒకరిది స్టీల్ ప్లాంట్, ఇంకొకరిది మధురవాడ. మెట్రో లేదు. స్టాపుల బదులు నిమిషాలతో లెక్క వెయ్యండి. మూడు పద్ధతుల్లోనూ చేసి, మీరు ఏది ఎంచుకుంటారో, ఎందుకో ఒక పేరా రాయండి. మార్కులు ఆ పేరాకే.