విత్తనపు గుర్రము ఎంపిక: ఆస్ట్రేలియా గోధుమ రైతులు నేర్చిన పాఠము

మన జిల్లాలలో అరకకు ఎద్దులను కట్టుటయే గాని గుర్రములను కట్టు అలవాటు లేదు. అయినను ఈ వ్యాసములో ఆస్ట్రేలియా దేశపు సేద్యపు గుర్రములను గురించి చెప్పదలచితిమి. కారణమేమనగా, ఒక ప్రాంతములోని పశుసంతతి అంతయు ఒక్క విత్తనపు మగజీవి వలన ఎట్లు బాగుపడునో, ఎట్లు చెడునో అచ్చటి రైతులు స్వానుభవముతో తెలిసికొనిరి. ఆ పాఠము మన ఆవులకు, గేదెలకు, గొఱ్ఱెలకు గూడ వర్తించును.

గుర్రములతో సాగిన సేద్యము

19వ శతాబ్దములో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, దక్షిణ ఆస్ట్రేలియా ప్రాంతములు వేరువేరు బ్రిటిషు వలస రాజ్యములు. 1901లో ఇవి తక్కిన వలస రాజ్యములతో కలిసి ఒకే సమాఖ్యగా ఏర్పడెను. తొలి దినములలో అచ్చట గూడ బండ్లకు, నాగళ్లకు ఎద్దులను కట్టుచుండిరి. గోధుమసాగు విస్తరించినకొలది, ఎద్దులకంటె వేగముగా నడచు గుర్రములకు గిరాకి పెరిగెను.

పనిముట్లు గూడ పెద్దవయ్యెను. 1876లో రిచర్డ్ బౌయర్ స్మిత్ అనునతడు, భూమిలో మొద్దులు తగిలినపుడు పైకి లేచి దాటిపోవు నాగలిని దక్షిణ ఆస్ట్రేలియాలో రూపొందించెను. 1885లో విక్టోరియాకు చెందిన హ్యూ విక్టర్ మెకే, కోత, నూర్పిడి, తూర్పార ఒకేసారి చేయు యంత్రమునకు పేటెంటు పొందెను. ఇట్టి వానిని లాగుటకు అనేక గుర్రములను ఒకే జట్టుగా కట్టవలసివచ్చెను. 1918 నాటికి ఆ దేశములో సుమారు 25 లక్షల గుర్రములుండెను.

ఒకప్పుడు సైన్యము కొరకు మన మద్రాసు రేవులో దిగిన వేలర్ గుర్రములు గూడ ఈ దేశమునుండి వచ్చినవే. అయితే అవి స్వారికి, ఫిరంగి బండ్లకు వాడినవి. పొలము దున్నినవి వానికంటె బరువైన జాతులు. వానిలో ముఖ్యమైనది స్కాట్లండులోని క్లైడ్ నది లోయలో వృద్ధియైన క్లైడ్స్‌డేల్ జాతి. పెరిగిన గుర్రము సుమారు 700 నుండి 900 కిలోల బరువు తూగును. ఈ జాతి వంశవృక్షములను నమోదు చేయుటకు స్కాట్లండులో 1877లోను, ఆస్ట్రేలియాలో 1918లోను సంఘములు ఏర్పడెను.

ఊరూర తిరుగు విత్తనపు గుర్రము

మేలుజాతి మగగుర్రమును ఓడపై తెప్పించుట సామాన్య రైతుకు సాధ్యము గాదు. కావున కొందరు విత్తనపు గుర్రములను పోషించి, వాని సేవను రుసుమునకు ఇచ్చుచుండిరి. ఇందు రెండు పద్ధతులుండెడివి.

మొదటిది, గుర్రమును ఒకే కమతములో నిలుపుట. చుట్టుప్రక్కల రైతులు తమ ఆడగుర్రములను అచ్చటికి తోలుకొని వచ్చెదరు. దూరమునుండి వచ్చిన వానిని కొన్నాళ్లు అచ్చటనే మేపుట గలదు. ఎంత జాగ్రత్త తీసికొన్నను నష్టమునకు బాధ్యత వహింపమని యజమాని ముందుగనే ప్రకటించుచుండెను.

రెండవది, గుర్రమునే ఊరూర త్రిప్పుట. దక్షిణార్ధ గోళములో సెప్టెంబరు మొదలు వసంతకాలము. ఆ ఋతువులో ఒక పనివాడు విత్తనపు గుర్రమును వెంటబెట్టుకొని, వారములో ఏ దినమున ఏ ఊరిలోనుండునో పత్రికలలో ముందుగా ప్రకటించి, ఆ వరుస తప్పక తిరుగుచుండెను. ఇట్లు క్రమముగా తిరుగుటకు కారణము గలదు. ఆడగుర్రము ఇంచుమించు 21 దినములకు ఒకసారి ఎదకు వచ్చును. ఒకసారి దాటించిన దానిని మూడు వారముల తరువాత మరల మగగుర్రమునకు అడ్డుకఱ్ఱ చాటున చూపెదరు. అది దగ్గరకు రానీయక తన్నినచో చూలు నిలిచినదని భావింతురు. నిలబడినచో మరల దాటింతురు. ఈనిన గుర్రము సుమారు 9వ దినమున తిరిగి ఎదకు వచ్చుట గూడ కలదు. చూలుకాలము సుమారు 11 నెలలు.

చౌక రుసుము, పెద్ద నష్టము

రైతు ఒక్కొక్కసారి రుసుము తక్కువను మాత్రమే చూచెను. ఇంటి ముందునకు వచ్చిన గుర్రము చౌకగా దొరకినచో, దాని కాళ్లెట్లున్నవని అడుగువారు తక్కువ. ఇందలి నష్టమును లెక్కగట్టి చూడుడు.

ఉదాహరణకు, ఒక విత్తనపు గుర్రము ఒక ఋతువులో 60 ఆడగుర్రములను దాటినదనుకొందము. వానిలో 35 పిల్లలు పుట్టినవనుకొందము. ఆడగుర్రమునకు ఏటికి ఒక్క పిల్లయే. అనగా తల్లిలోని లోపము ఒక్క పిల్లకు రావచ్చును. తండ్రిలోని లోపము అదే ఏట 35 పిల్లలకు రావచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన విషయము కాలము. ఈ అక్టోబరులో దాటించిన గుర్రము వచ్చు సెప్టెంబరులో ఈనును. పిల్లను రెండు, మూడేండ్ల వయస్సున పనికి మరపుదురు. కాళ్లలోని లోపము బరువు పని మొదలిడిన తరువాతగాని బయటపడదు. అనగా దాటించిన నాటినుండి సుమారు నాలుగేండ్లు గడచును. ఈలోపల ఆ విత్తనపు గుర్రము మరి మూడు, నాలుగు ఋతువులు అదే ఊళ్లలో తిరిగియుండును. లోపము తెలియు నాటికి వందకు పైగా పిల్లలు ఆ ప్రాంతమునిండ వ్యాపించును. వానిలోని ఆడపిల్లలే రేపటి తల్లులు. రుసుములో ఒక గినీ మిగుల్చుకొన్న రైతు, దుక్కి అదనులో కుంటు గుర్రమును చూచి చింతించును. అప్పుడు చేయగలది ఏమియు లేదు.

చూడదగిన లోపములు

బరువులాగు గుర్రమునకు కాళ్లే ప్రాణము. అందుచే పరీక్షించువారు ముఖ్యముగా ఈ క్రింది వానిని చూచుచుండిరి.

1. గిట్టకు ఇరుప్రక్కలనుండు మెత్తని మృదులాస్థి గట్టిపడి ఎముకగా మారుట. దీనిని సైడ్‌బోన్ అందురు. బరువు గుర్రములలో ఇది అధికము. ఇది యున్న ప్రతి గుర్రము కుంటదు. గట్టి బాటలపై పని గూడ దీనిని హెచ్చించును. అయినను దీనికి లోనగు గుణము కొంతవరకు వంశపారంపర్యమని, తరువాతి కాలమున ఫిన్లండు దేశపు గుర్రములపై జరిగిన పరిశీలనలు గూడ చూపినవి.

2. గిట్టకు పైనున్న కీలుచుట్టు ఎముక పెరుగుట. దీనిని రింగ్‌బోన్ అందురు.

3. వెనుక కాలి మడమ కీలులో ఎముక పెరుగుట. దీనిని స్పావిన్ అందురు. ఇది యున్న గుర్రము బరువు లాగునపుడు వెనుక కాలు సరిగా ఊనలేదు.

4. గొంతులోని నరము పనిచేయక, శ్రమించునపుడు ఊపిరి పెద్ద శబ్దముతో ఆడుట. దీనిని రోరింగ్ అందురు.

బలిసి నిగనిగలాడు గుర్రమును చూచి మోసపోరాదు. క్రొవ్వు కొన్ని లోపములను కప్పిపుచ్చును. గుర్రమును గట్టి నేలపై నడిపించి, పరుగెత్తించి, ప్రతి గిట్టను, కీలును చేతితో తడవి చూడవలెను.

ప్రభుత్వ పరీక్ష, ధ్రువపత్రము

లోపము బయటపడువరకు వేచియుండుటకంటె, తండ్రినే ముందుగా పరీక్షించుట మేలు. ఈ ఉద్దేశముతో విక్టోరియా వ్యవసాయశాఖ 1907లో విత్తనపు గుర్రములకు పశువైద్య పరీక్షను ప్రవేశపెట్టెను. నిర్దుష్టమైన దానికి ధ్రువపత్రమిచ్చుచుండిరి. చిన్న వయస్సు గుర్రమునకు ఇచ్చిన పత్రము కొంతకాలమే చెల్లెడిది. వయస్సు ముదిరిన పిదప మరల పరీక్షింపవలెను. ఏలనగా పై లోపములలో కొన్ని వయస్సుతో బయటపడునవి.

మొదట ఇది ఐచ్ఛికము. తరువాత 1919లో విక్టోరియా గుర్రముల అభివృద్ధి చట్టము వచ్చెను. ఇంగ్లండులో గూడ 1918 నాటి చట్టము, అనుమతి పత్రము లేని విత్తనపు గుర్రమును సేవకై ఊరూర త్రిప్పుటను నిషేధించెను. తన సొత్తును ప్రభుత్వము తనిఖీ చేయుట ఏ యజమానికిని మొదట రుచింపదు. కాని ఆ గుర్రము ఒక్కని సొత్తయినను, దాని సంతతి ప్రాంతమంతటికి చెందునదని గుర్తుంచుకొనవలెను.

విత్తనపు గుర్రపు పోషణ

మంచి గుర్రమును సంపాదించినంత మాత్రమున చాలదు. మేపుటలోను మితము వలెను. ఓట్స్ గింజలు, తరిగిన ఎండుగడ్డి, కొంత గోధుమ తవుడు ముఖ్యమైన మేత. అతిగా బలసిన గుర్రమునకు కాళ్లపై భారము హెచ్చును, సంతాన శక్తి తగ్గును. ప్రతి దినము కొన్ని మైళ్లు నడక అవసరము. రెండేండ్ల గుర్రమునకు ఒక ఋతువులో 10 లేక 15 ఆడగుర్రములను మించి దాటింపరాదు. మూడేండ్లదానికి 30, 40 చాలును.

మనము గ్రహింపవలసినది

ట్రాక్టరు వచ్చిన పిదప అచ్చటి సేద్యములో గుర్రముల పాత్ర ముగిసెను. కాని మగజీవి ఎంపిక సమస్య ముగియలేదు. మన ఒంగోలు సీమలో పెద్దల పేర మంచి కోడెదూడను ఎంపికచేసి, అచ్చువేసి ఊరికి వదలు ఆచారముండెడిది. ఆ జాతి ప్రఖ్యాతికి అట్టి ఎంపిక ఎంతో తోడ్పడెను. నేడు ఆబోతు స్థానమున ఘనీకృత వీర్యపు స్ట్రా మన వాకిటికే వచ్చుచున్నది. కృత్రిమ గర్భధారణలో ఒకే ఆబోతుకు వేల దూడలు పుట్టవచ్చును. కావున మేలైనను, కీడైనను వెనుకటికంటె ఎన్నో రెట్లు.

అందుచే ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనుడు.

1. చూడి కట్టించునపుడు స్ట్రాపై ముద్రించిన ఆబోతు సంఖ్యను, జాతిని అడిగి, తేదీతోసహా పుస్తకములో వ్రాసికొనుడు.

2. ఒక ఆబోతుకు పుట్టిన పెయ్యను మరల అదే ఆబోతు వీర్యముతో చూడి కట్టింపరాదు. వ్రాసిన లెక్క లేనిచో ఇది తెలియదు.

3. ఊరిలో తిరుగు నాసిరకపు కోడెలకు సకాలమున విత్తులు కొట్టించుడు.

4. మందలో ఒకే పొట్టేలును రెండేండ్లకు మించి ఉంచక మార్చుడు.

5. ఎద తప్పునను భయముతో దొరకిన ఆబోతుతో దాటింపకుడు. ఆవు, గేదె మూడు వారములకు మరల ఎదకు వచ్చును. ఆ మూడు వారముల ఆలస్యమును భరింపవచ్చును. నాసి పెయ్యను మూడేండ్లు మేపి, అది ఈనిన పిదప చెంబెడు పాలు చూచి విచారించుట భరింపరానిది.

విత్తు ఒకటి వేసిన చెట్టు వేరొకటి మొలవదు. పొలములో చల్లు విత్తనమునకు మొలక శాతము చూచుకొను రైతు, తన పశువుల విత్తనము విషయమున గూడ అంత శ్రద్ధయు చూపవలెను.