ఫోన్‌లో నిండుగా ఉన్న ఫొటో ప్రింట్‌లో ఎందుకు తెగుతుంది?

వార్షికోత్సవం అయిన మర్నాటి నుంచే చాలా ఇళ్లలో ఫొటోలు ప్రింట్ తీయించే పని మొదలవుతుంది. ఫోన్‌లో చూస్తే వరుసలో పిల్లలందరూ ఉంటారు. స్టూడియో వారిచ్చిన కవరు విప్పితే మాత్రం చివర నిలబడ్డ ఇద్దరికీ సగం ముఖమే ఉంటుంది. ఆ ఇద్దరిలో ఒకరు మీ పాపే అయితే ఎంత బాధో చెప్పనక్కర్లేదు. ఇందులో స్టూడియో తప్పు లేదు, ఫోన్ తప్పూ లేదు. ఫొటో ఆకారం ఒకటి, కాగితం ఆకారం మరొకటి.

లెక్క చూడండి. చాలా ఫోన్లు మామూలుగా తీసే ఫొటో నిష్పత్తి 4:3. మనం ఎక్కువగా అడిగే 4×6 అంగుళాల కాగితం నిష్పత్తి 3:2. ఫొటో 6 అంగుళాల వైపు నిండాలంటే రెండోవైపు నాలుగున్నర అంగుళాలు కావాలి, కాగితం ఉన్నది నాలుగే. ఆ అర అంగుళం, అంటే అడ్డంగా తీసిన ఫొటో ఎత్తులో తొమ్మిదో వంతు, పైనా కిందా పోవాల్సిందే. స్క్రీన్ నిండుగా కనబడుతుందని 16:9లో తీస్తే కోత పక్కలకు పడుతుంది. వెడల్పులో దాదాపు ఆరో వంతు పోతుంది. గ్రూప్ ఫొటోల్లో చివరి పిల్లలు తెగిపోయేది ఇలాగే. కాబట్టి గ్రూప్ ఫొటోను 4:3లోనే, చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయండి.

ఎక్కడ కత్తిరించాలో మెషిన్‌కు వదిలేస్తే అది సాధారణంగా మధ్య భాగం ఉంచి అంచులు తీసేస్తుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటో అడ్డంగా తీశారనుకోండి. మాను కొసన కూర్చున్న పూజారి పై అంచు దగ్గర ఉంటారు. ప్రింట్‌లో జనం మిగులుతారు, ఆయనే పోతారు! అందుకే స్టూడియోకు పంపే ముందు మీరే క్రాప్ చేయండి. ముందు ఫొటోకు ఒక కాపీ తీసుకుని, గ్యాలరీలో ఎడిట్, తర్వాత క్రాప్ నొక్కితే నిష్పత్తులు కనిపిస్తాయి. 4×6కు 3:2, 8×10కు 5:4 ఎంచుకుని, ఏది ఉండాలో ఏది పోవచ్చో చూసుకుని జరపండి. ఏదీ పోకూడదంటే 6×8 అడగండి, అది 4:3 కాగితమే. లేదా తెల్ల అంచు వదిలి వేయమనండి.

ఇక సైజు సంగతి. ప్రింట్ చక్కగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని స్టూడియోల లెక్క. 4×6కు 1200×1800 చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గుతుంది. 4×6కు అది సరిపోతుంది. అదే ఫొటోతో తాతగారి పటం 12×18లో కట్టించాలంటే అంగుళానికి 90 కూడా రావు, ముఖం మసకబారుతుంది. తర్వాత ఏ యాప్‌లో పెద్దది చేసినా పోయిన వివరం అసలు రూపంలో తిరిగిరాదు. ఫొటో తీసిన వారి దగ్గర నుంచి దాన్ని డాక్యుమెంట్‌గా పంపించుకోండి. పెద్దవాళ్ల ఫొటోల విషయంలో ఈ పని వాయిదా వేయకండి, ఫోన్లు మారిపోతుంటాయి.

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో సమస్య దీనికి తిరగబడుతుంది, అక్కడ ఫొటో చిన్నది కావాలి. కోరుకొండ సైనిక్ స్కూల్‌లో ఆరో తరగతి, తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసేవారు ఫొటో, సంతకం ఎన్ని కేబీల్లో ఉండాలో ఆ ఏడాది సమాచార బులెటిన్‌లోనే చూసుకోవాలి. పోయినేడు అన్నయ్యకు వాడిన కొలతలు నమ్మకండి. వరుస మాత్రం ఎప్పుడూ ఒకటే: ముందు క్రాప్, తర్వాత రీసైజ్, చివర కేబీ తగ్గించడం. 3.5×4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్ట్ ఫొటో అంటే 300 లెక్కన సుమారు 413×531 పిక్సెళ్లు. క్రాప్ చేయకుండా ఆ అంకెలు నేరుగా కొడితే ముఖం సాగిపోతుంది లేదా నొక్కుకుపోతుంది. అలాంటి ఫొటోతో దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. చివరి తేదీ రాత్రి ఈ పని పెట్టుకోకండి.

నిష్పత్తి పాఠం చదువుతున్న పిల్లలుంటే ఈ లెక్క వాళ్లకే ఇచ్చి చూడండి: 4000×3000 పిక్సెళ్ల ఫొటోను 8×10 కాగితంపై వేస్తే ఎటువైపు, ఎన్ని పిక్సెళ్లు పోతాయి? జవాబు: పొడవు వైపు 250.